పుట్టకముందే తప్పిన వంట

జనవరి ఒకటో తేదీ పొద్దున ఐదున్నరకు, ప్రొద్దుటూరులో వంటమాస్టరు హుమాయున్ ముసుగు తన్ని పడుకుని ఉండగా, ఆయన ఫోను మాత్రం నిద్ర లేచింది. లేచి ఊరికే ఉండక, ఎవరూ చెప్పకుండానే, ఎక్కడెక్కడి పెళ్లివాళ్లకో శుభాకాంక్షలు పంపింది. 'మీ ఇంటి పెళ్లికి నేటి పొద్దున ఐదున్నరతో యాభై ఐదేళ్లు నిండాయి. పెళ్లిరోజు శుభాకాంక్షలు. ఇట్లు, మీ వంటమాస్టరు హుమాయున్.'

అందుకున్న ఇళ్లలో ఒక్క ఇంట్లోనూ పెళ్లి ఇంకా జరగలేదు. అన్నీ మాఘమాసంలో పెట్టుకున్న పెళ్లిళ్లే. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు కదా, ఆ సోమలింగానికి ఏకంగా షష్టిపూర్తి చేసినంత పని చేసింది ఫోను.

దానికి ఆ బుద్ధి నేర్పింది హుమాయున్ కూతురు ఆస్మా. ఇంజనీరింగ్ చదివి, బెంగళూరు కంపెనీకి ఇంట్లో నుంచే ఫోను యాప్‌లు రాసే పిల్ల. ఊళ్లో వాళ్ల కోసం వీళ్ల కోసం రాస్తున్నాను, మా అబ్బాకు ఒకటి రాయకపోతే ఎట్లా అనుకుని, నిరుడు ఒక యాప్ తయారుచేసింది. పేరు 'డేగిసా', అంటే బిర్యానీ వండే పెద్ద గిన్నె. పెళ్లివాళ్లు శుభలేఖ ఫోటో పంపితే చాలు, యాప్ దాన్ని చదివి, తేదీ పట్టుకుని, హుమాయున్ వంటల వరుసలో పెట్టేస్తుంది. వంట ముగిశాక 'వంట అయింది' అన్న మీట నొక్కాలి. 'ఎంతమంది భోంచేశారు?' అని అడుగుతుంది. అంకె కొడితే ఆ పెళ్లి పచ్చరంగులోకి మారుతుంది. తేదీ దాటిపోయినా మీట నొక్కకపోతే ఎర్రరంగులోకి మారి 'వంట తప్పింది' అని చూపిస్తుంది.

ఫోటోలోంచి అక్షరాలు లాగడం ఫోనుకు చిటికెలో పని. ఆ అక్షరాల్లో తేదీ ఎక్కడుందో కనుక్కోవడమే చావు. కడప జిల్లా వాళ్లు తేదీని తేదీలాగా చెబితే కదా! బేస్తవారం అని రాస్తారు, ఫోనుకు గురువారమే తెలుసు. సరే, నేర్పింది. 3-2 అని కొడతారు, అది మార్చి రెండో ఫిబ్రవరి మూడో దానికి తేలదు. అదీ నేర్పింది. కలమల్ల నుంచి ఒకాయన 'పున్నమి పోయిన మూడోనాడు' అని పంపితే పంచాంగం మొత్తం తెచ్చి దాని కడుపులో కుక్కింది, అయినా ఏ నెల పున్నమో దానికి తేలలేదు. ముద్దనూరు నుంచి ఇంకొకాయన 'మా చిన్నోడు కువైట్ నుంచి దిగిన మరుసటి ఆదివారం' అన్నాడు. చిన్నోడు ఎవడో, ఎప్పుడు దిగుతాడో తెలియక ఫోను ఆగిపోయింది, ఆస్మా కూడా ఆగిపోయింది. హుమాయున్ మాత్రం కూరగాయలు తరుగుతూ తలెత్తకుండానే, “ఫిబ్రవరి తొమ్మిదిలేమ్మా” అన్నాడు.

అన్నిటికంటే మొండి ఘటం శుభలేఖల్లో వచ్చే ఒక మాట. 'శనివారం రాత్రి తెల్లవారితే ఆదివారం.' పంచాంగానికి పొద్దు పొడిస్తేనే రోజు మారేది. కాబట్టి తెల్లవారుజాము ముహూర్తం ఇంకా శనివారం లెక్కలోనే ఉంటుంది. ఫోనుకేమో నడిరేయి దాటగానే ఆదివారం వచ్చేస్తుంది. ఇక ఆస్మా ఇంట్లో, మగ్రిబ్ నమాజు వేళ పొద్దు గూకగానే మరుసటి దినం మొదలు. ఒక్క రాత్రికి ముగ్గురు కాపలాదారులు, ముగ్గురికీ మూడు గడియారాలు. యాప్ ఒకే ముహూర్తంలో రెండు వారాలు, రెండు తేదీలు చూసి, ఏదీ తేల్చుకోలేక చేతులెత్తేసింది.

తేల్చుకోలేనప్పుడు పెళ్లివాళ్లనే తిరిగి అడగవచ్చు. ఆస్మా బుద్ధిగా ఆ ఏర్పాటు చేసింది కూడా. 'దయచేసి పెళ్లి తేదీ మరొకసారి చెప్పండి' అని ఒక పెట్టె పెట్టింది. హుమాయున్ దాన్ని చూసి మండిపడ్డాడు.

“పెళ్లి దినం రెండోసారి అడుగుతారా ఎవురన్నా? మొదట చెప్పింది నమ్మలేదనా? లేకుంటే పెళ్లి నిలిచిపోయిందేమో కనుక్కుందామనా? మా అబ్బాజాన్ కాలం నుంచి మన ఇంట్లో పెళ్లి దినం ఒక్కసారే వినేది. తీసెయ్ దాన్ని.”

ఆస్మా తీసేసింది. తీసేస్తే తేదీ ఖాళీగా మిగిలింది. ఖాళీ అంటే ఫోనుకు సున్నా. దాని లెక్కలో కాలం సున్నా నుంచి మొదలయ్యేది 1970 జనవరి ఒకటిన. అంతకు ముందు లోకం లేదని దాని నమ్మకం. ఈ సంగతి ఆస్మాకు తెలియదా అంటే తెలుసు. చదువుకున్న ప్రతివాడికీ తెలుసు. తర్వాత చూద్దాంలే అనుకుంది. ఆ మాట అనుకోని ప్రోగ్రామరు ఇంతవరకు పుట్టలేదు.

ఇంతకాలం ఏ వంటా తప్పలేదంటే అది యాప్ గొప్పతనం కాదు. తేదీలన్నీ హుమాయున్ తలలోనే ఉన్నాయి, యాప్‌లో పాత తేదీల వైపు ఆయన ఏనాడూ తొంగిచూసింది లేదు. డిసెంబరులో ఆస్మా ఇంకో ముచ్చట కలిపింది. పెళ్లి జరిగిన ప్రతి ఇంటికీ ఏటేటా పెళ్లిరోజు శుభాకాంక్షలు పోవాలి, జనం అబ్బా పేరు మరచిపోకూడదు. అట్లా జనవరి ఒకటిన తేదీ తెలియని పెళ్లిళ్లన్నీ ఒక్కసారిగా గుంపుగా లేచి కూర్చున్నాయి.

ఆరు గంటలకల్లా ఫోన్లు మొదలయ్యాయి. కలమల్ల ఆయన, “యాభై ఐదేండ్లకు ఏమన్నా బహుమానం ఇస్తాండారా అప్పా?” అని అడిగాడు. ముద్దనూరు ఆయన తన కొడుకు పెళ్లి ఇంకా కాలేదన్న మాటే ఎత్తకుండా థ్యాంక్స్ చెప్పి పెట్టేశాడు, మర్యాద గల మనిషి. ఆస్మా తల్లి షాహీదాబీ టీ పోస్తూ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వనిది హుమాయున్ ఒక్కడే. ఆయన ఫోను చేతిలో పట్టుకుని, ఎర్రగా మెరుస్తున్న వరుసనే చూస్తున్నాడు.

“ఆస్మా, వంట తప్పింది అంటాంది.”

“అది ఉత్తదే అబ్బా. యాప్‌లో లోపం. ఆ తేదీకి నువ్వు పుట్టనే లేదు.”

“అదే కదా నేను చెప్పేది. ముప్పై ఏండ్లుగా ఒక్క పెండ్లికన్నా రాకుండా ఉన్నానా? పుట్టకముందే మాట తప్పినట్టు రాసింది. అది కూడా ఎర్రగా.”

ఆస్మాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. లోపం దిద్దడానికి కంప్యూటరు తెరిచింది. తెరిచీ తెరవకముందే మళ్లీ ఫోను మోగింది. ఈసారి జమ్మలమడుగు నాగేంద్ర. శనగచేలున్న రైతు, గొంతు పెద్దది, ఫోను చెవికి జానెడు దూరంలో పెట్టుకున్నా వినిపిస్తుంది. ఆయన కూతురు ప్రత్యూష ఆస్మాకు ఇంజనీరింగ్‌లో జత. మాఘంలో ప్రత్యూషకు పులివెందుల అబ్బాయితో పెళ్లి. ఆదివారం మధ్యాహ్నం బిర్యానీ హుమాయున్‌ది.

“ఏంది మామా, మా పాపకు యాభై ఐదేండ్ల కిందటే పెండ్లి అయిందని పెట్టినావంటనే! కార్డులో ఇద్దరి నెంబర్లు ఉండాయి కదా, ఆ మెసేజు పులివెందులకు గూడా పోయింది. వాండ్లు సంబంధం వద్దంటాండారు. నేనేం ఊరికే బెదిరిస్తలే, ఈ పెండ్లి ఆగితే ఆపింది హుమాయున్ ఫోనని నాలుగు మండలాల్లో చెప్తా. పెండ్లి చెడగొట్టే వంటోన్ని ఎవురు పిలుస్తారో చూస్తా.”

అదే సమయానికి ఆస్మా ఫోనుకు ప్రత్యూష నుంచి మెసేజు వచ్చింది. 'నీ యాప్‌లో నాకు పెళ్లయిపోయింది. ఇక నిజంగా అవుతుందా?' రెండేళ్లు ఇంట్లో వాళ్లను బతిమాలి ఒప్పించుకున్న పెళ్లి అది.  లోపం తర్వాత, పెళ్లి ముందు అనుకుని ఆస్మా కంప్యూటరు మూసేసింది.

తండ్రీ కూతుళ్లు మినీ వ్యానులో బయలుదేరారు. ముందురోజు నిఖాకు వాడిన డేగిసాలు, గరిటెలు, పొయ్యిరాళ్లు ఇంకా దాంట్లోనే ఉన్నాయి, దించే తీరిక దొరకలేదు. జమ్మలమడుగులో నాగేంద్ర ఎక్కాడు. ఆయన కారు రాజుపాలెం వైపు శుభలేఖలు పంచడానికి పోయిందట. తెల్లపంచె, ఇస్త్రీ చొక్కా వేసుకుని, వియ్యంకుడి ఇంటికి వంటగిన్నెల చప్పుడుతో పోవలసి వచ్చినందుకు ముద్దనూరు దాకా నోరు విప్పలేదు. ముద్దనూరు దాటాక విప్పాడు.

“ఆడికి పోయి ఏం చెప్తావు పాపా?”

“శుభలేఖలో తేదీ ఫోనుకు అర్థం కాలేదని చెప్తా మామా.”

“అర్థం కాలేదా? బంగారు అక్షరాలతో కొట్టించిన కార్డు. గుడ్డోడు తడిమినా చదువుతాడు. మా కార్డు తప్పనే మాట నీ నోట్లోంచి రాకూడదు.”

“సరే, మా ఫోను తప్పని చెప్తా.”

స్టీరింగు పట్టుకున్న హుమాయున్ ఇటు తిరిగాడు. “నా ఫోను తప్పంటే నా మాట తప్పనే కదా. ఇయ్యాల తేదీ తప్పిందంటే రేపు ఉప్పు తప్పిందంటారు. అదీ చెప్పొద్దు.”

కార్డు తప్పు కాదు, ఫోను తప్పు కాదు. అంటే ప్రత్యూష పెళ్లి 1970లోనే జరిగిందని ఒప్పుకోవడం తప్ప ఆస్మాకు వేరే దారి మిగల్లేదు. పిచ్చి కుదిరింది రోకలి తలకు చుట్టమన్నట్టుంది వీళ్ల వరస అనుకుంటూ, పులివెందుల చీనీ తోటలు, అంటే బత్తాయి తోటలు కనిపించేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

పెళ్లికొడుకు తండ్రి నారాయణ వసారాలో కుర్చీలు వేయించి ఉంచాడు. ఒళ్లో పంచాంగం, ముక్కు మీద కళ్లద్దాలు. మంచినీళ్లు ఇప్పించి, మర్యాదలన్నీ చేసి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

“చూడు నాగేంద్రప్పా. పిల్ల అప్పటికి పుట్టలేదంటావు. ఒప్పుకుంటా. దాని మీద నాకు పేచీ లేదు. కానీ జనవరి ఒకటంటే ఏంది? ధనుర్మాసం! ధనుర్మాసంలో పెండ్లేందప్పా? శూన్యమాసంలో తాళి కట్టిచ్చే ఇంటి పిల్లను మేమెట్ల చేసుకునేది?”

నాగేంద్ర కుర్చీలోంచి లేచాడు. మా పిల్లకు పెళ్లే కాలేదు అంటే సరిపోయేది. కానీ పౌరుషం ఆయనను వేరే దారి పట్టించింది. “మా ఇంట్లో శూన్యమాసంలో ఏనాడూ పెండ్లి జరగలే! ఆ ఏడు పంచాంగం తెప్పించు. అధికమాసం వచ్చి నెలలు జరిగింటాయి. ఆ దినం మంచి లగ్నమే ఉండింటాది!”

“ఉండదు.”

“ఉంటాది!”

“సౌమ్య నామ సంవత్సరం అది. నేను లెక్కేసినా. ఆ దినం లగ్నమూ లేదు, నా పిండాకూడూ లేదు.”

“అట్లయితే సాయంత్రం చేసింటాం!”

“మెసేజులో పొద్దున ఐదున్నర అని ఉండాది కదప్పా!”

జరగని పెళ్లికి ఇద్దరు పెద్దమనుషులు లగ్నం కుదురుస్తున్నారు. ఆస్మా అడ్డం పడబోయేలోగా హుమాయున్ లేచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “ఎట్ల జరిగినా, ఆ దినం నేను వంటకు రాలేకపోయినా. నన్ను మన్నించాల.” ఆయన ముఖంలో ఎగతాళి లేదు. నిజంగానే సిగ్గుపడుతున్నాడు. దాంతో నాగేంద్ర మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు.

ఆ సందు దొరకబుచ్చుకుని ఆస్మా అడిగింది. “మామా, సంబంధం వద్దన్నది మీరేనా?”

నారాయణ కళ్లద్దాలు తీశాడు. గొంతు దిగింది. “నేనెందుకంటా పాపా! పొద్దున్నే మెసేజు చూసి నవ్వుకుంటా మా అమ్మకు చదివి వినిపిస్తి. ఆమె కాఫీ లోటా కింద పెట్టి, 'ఆ సంబంధం వద్దు' అని లోపలికి పాయ. ఎందుకమ్మా అంటే పలకదు. వద్దన్నేదానికి ఒక కారణం ఉండల్ల కదా, అందుకని పంచాంగం దీసినా.”

 ఇంతసేపు తాను ఎవరి మీద గెలుస్తున్నాడో నాగేంద్రకు అర్థం కాలేదు. ఆస్మా చెప్పులు విడిచి లోపలికి నడిచింది.

నారాయణ తల్లి రాజమ్మ పెరటి వాకిట్లో చాప మీద కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. డెబ్భై దాటిన మనిషి, వేళ్లు మాత్రం చకచకా ఆడుతున్నాయి. ఆస్మా పక్కన కూర్చుని తానూ నాలుగు కాయలు తీసుకుంది. 

“నువ్వేనా ఆ మెసేజు పంపింది?” అంది రాజమ్మ తలెత్తకుండా.

“అవునవ్వా.”

“నీకెవురు చెప్పినారు?”

“ఏందవ్వా?”

“దినం.” రాజమ్మ చేతులు ఆగాయి. “సౌమ్య సంవత్సరం, ధనుర్మాసం, పొద్దు పొడిసేటప్పుడు. యాభై ఐదేండ్లని లెక్క గూడా కట్టినారే! జమ్మలమడుగోళ్లు యాడో తవ్వి తీసినారు. పెండ్లికి ముందే నన్ను ఎత్తిపొడిస్తే రేపు ఆ పిల్ల ఈ ఇంట్లోకొచ్చి నన్నేం లెక్క చేస్తాది?”

 సంగతి అర్థమయ్యేసరికి ఆస్మా చేతిలో కాయ జారిపోయింది. “అవ్వా, అది మీ పెండ్లా?”

రాజమ్మ వసారా వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పింది. ఆమె మొగుడి పేరు నీళ్ల కాడ కొట్లాట కేసులో ఉండేదట. మరునాడు పోలీసులకు లొంగిపోవాలని పెద్దలు తీర్మానించారు. జైలుకు పోతే సంబంధం చెడిపోతుందని, పోకముందే తాళి కట్టించాలన్నారు. ధనుర్మాసంలో మంత్రం చదవనని అయ్యవారు రాలేదు. పసుపుకొమ్ము కట్టిన దారాన్ని ఒక ముసలాయన పెళ్లికొడుకు చేతికిస్తే, పొద్దు పొడుస్తుండగా అతడు కట్టాడు.

“కట్టి ఆయన పోలీసుల ఎంబడి కడపకు పోయినాడు. పందిరి లేదు, మేళం లేదు. మా నాయన పాయసానికని బెల్లం తెచ్చి పెట్టినాడు. పొయ్యి ముట్టించేదానికి ఎవురికీ మనసు రాలే. ఆ బెల్లం చీమలు తిన్యాయి. ఆయన మూడేండ్లకు తిరిగొచ్చినాక, పెండ్లి మాఘంలో అయిందని అందరికీ చెప్పుకున్నాం. నారాయణకు గూడా తెలీదు. ఆయన పోయి ఆరేండ్లయ్య. ఇంక ఈ దినం సంగతి నాకొక్కదానికే తెలుసనుకుంటి. పొద్దున్నే వాడు నవ్వుకుంటా చదివె.”

 తన 'తర్వాత చూద్దాంలే' వచ్చి ఎక్కడ గుచ్చుకుందో తలచుకుంటే ఆస్మాకు ఏడుపొచ్చింది. ఏడుపు మింగి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

“మీ పెండ్లి సంగతి ఫోనుకు తెలీదవ్వా. ఎవురి పెండ్లి తేదీ అయినా సరే, దానికి అర్థం కాకపోతే సున్నా అనుకుంటాది. దాని లెక్కకు మొదలు ఆ దినం. లోకంలో అన్ని ఫోన్లకూ అంతే. సీమదేశంలో అప్పుడు నడిరేయి, మనకు పొద్దున ఐదున్నర.”

“ఎవురు పెట్టినారు ఆ దినాన్ని?”

“ఎప్పుడో సీమదేశం ఇంజనీర్లు పెట్టినారు.”

“వాండ్లకు ధనుర్మాసం అని తెలీదా?”

“తెలీదవ్వా.”

రాజమ్మ మళ్లీ ఒక కాయ తీసుకుంది. ఒలవకుండా వేళ్ల మధ్య తిప్పుతూ ఆలోచించింది. “అంటే దినం తెలీని పెండ్లిండ్లన్నీ ఆడికే పోతాయా?”

“ఆడికే పోతాయి.”

“అయితే మాదీ ఆడనే ఉంటాది. ఆ నెలని తెలుసు గానీ తేదీ నాకేం తెలుసు? ఎవురు రాసిపెట్టినారు?” అని, కాయ చాటలో పడేసి, మోకాలి మీద చెయ్యి పెట్టి లేచింది. “ఆ వంటాయన వచ్చినాడా?”

రాజమ్మ వసారాలోకి రాగానే అందరూ లేచి నిలబడ్డారు. ఆమె కొడుకును గానీ కాబోయే వియ్యంకుడిని గానీ చూడలేదు. సరాసరి హుమాయున్ ముందుకు పోయి నిలబడింది.

“ఏమప్పా, మా పెండ్లికి వంటకు రాలేదంట నువ్వు?”

“రాలేదమ్మా. తప్పయింది.” ఎవరి పెళ్లి అని హుమాయున్ అడగలేదు. వంట తప్పిందని ఎర్రగా ఉంది కదా, ఎవరిదైతేనేం అన్నట్టు నిలబడ్డాడు.

“ఇప్పుడు చేస్తావా?”

“ఇప్పుడే చేస్తా.”

నారాయణ మధ్యలోకి వచ్చాడు. “ఎవురి పెండ్లి మా? ఏం మాట్లాడుతాండావు?”

“నా పెండ్లి. ధనుర్మాసంలోనే అయింది. పంచాంగం లోపల పెట్టు.”

నారాయణ తల్లి ముఖంలోకి చూశాడు. పంచాంగం మూసి చంకలో పెట్టుకున్నాడు. నాగేంద్ర, జీవితంలో మొదటిసారి కాబోలు, గొంతు తగ్గించి, “అట్లయితే మా పాప సంబంధం...” అన్నాడు.

“నీ కూతురు నాకు మనవరాలప్పా. యాడికి పోతాది సంబంధం? ఇంతకీ పెండ్లి ఏ దినం?”

పెళ్లి దినం రెండోసారి అడగడం విని హుమాయున్ ఉలిక్కిపడ్డాడు. నాగేంద్ర గర్వంగా, “శనివారం రాత్రి తెల్లవారితే ఆదివారం” అన్నాడు.

“ఆదివారం అంటే సరిపోదా?” అని, రాజమ్మ హుమాయున్ వైపు తిరిగింది. “నువ్వేందప్పా అట్ల అదిరిపడితివి?”

“పెండ్లి దినం రెండోసారి అడగకూడదని మా ఇంట్లో మాటమ్మా. ఆ పెట్టె పెడతానంటే ఈ పిల్లను తిట్టినా.”

“రెండుసార్లు అడిగితే ఏం పోతాది? నా పెండ్లి దినం ఒక్కసారన్నా ఎవురూ అడగలే.”

హుమాయున్ వ్యాను వైపు నడుస్తూ, ఆస్మా పక్కకు వచ్చినప్పుడు మెల్లగా, “ఆ పెట్టె మల్లా పెట్టమ్మా” అన్నాడు.

ధనుర్మాసం కాబట్టి ఆ ఇంట్లో నీసు ముట్టరు. బిర్యానీకి నాలుగు మండలాల్లో పేరున్న మనిషి పెరట్లో రాళ్లపొయ్యి పేర్చి, పెసరపప్పు బెల్లం పాయసానికి ఎసరు పెట్టాడు. ఇంట్లో వాళ్లకు సరిపడా చేస్తే చాలన్నారు. తక్కువ వండడం ఆయనకు చేతకాదు. డేగిసా అడుగున నాలుగు గరిటెల పాయసం బిత్తరచూపులు చూస్తుంటే ఆయనకు ప్రాణం ఒప్పలేదు. ఇంకా పోశాడు, ఇంకా పోశాడు. నాగేంద్రను బెల్లానికి పంపాడు, నారాయణను పాలకు పంపాడు. ఇందాక లగ్నం కోసం కొట్టుకున్న ఇద్దరూ చెరో క్యాను పట్టుకుని అంగళ్ల వెంట తిరిగారు. ఆస్మా పొయ్యి ఊదుతూనే ప్రత్యూషకు మెసేజు పెట్టింది. 'అవుతుంది. ఆదివారమే. పాయసం తిని వస్తా.'

మధ్యాహ్నానికి వీధి వీధంతా వచ్చి కూర్చుంది. ఏం విశేషమని అడిగినవాళ్లకు నారాయణ ముందు నీళ్లు నమిలి, తర్వాత ధైర్యం చేసి, “మా అమ్మ పెండ్లి భోజనం” అన్నాడు. ఎవరూ మారుమాట అడగలేదు. వేడి పాయసం విస్తట్లో ఉండగా చరిత్ర అడిగేవాడు పులివెందులలో లేడు.

అందరూ తిని చేతులు కడుక్కున్నాక హుమాయున్ ఫోను తీసి అరుగు మీద రాజమ్మ పక్కన కూర్చున్నాడు. ఆ ఎర్ర వరుసలో నాగేంద్ర పేరు తీయించి, ఆస్మా చేత రాజమ్మ పేరు రాయించాడు. 1970 జనవరి ఒకటి, పొద్దున ఐదున్నర, పులివెందుల. మిగతావాటి తేదీలు ఆస్మా తర్వాత సరిచేస్తుంది, దీన్ని మాత్రం ముట్టుకోదు. ఆయన తుండుగుడ్డకు వేలు తుడుచుకుని 'వంట అయింది' మీట నొక్కాడు. యాప్ ఎప్పటిలాగే ఎంతమంది భోంచేశారని అడిగింది.

ఆయన తలెత్తి వీధి వైపు చూసి, ఇటు చివర నుంచి వేలితో లెక్కపెట్టసాగాడు. రాజమ్మ ఆయన చెయ్యి పట్టి ఆపింది. ఆమె ముందు ఒకటికి రెండు విస్తర్లు ఉన్నాయి. రెండోదాంట్లో వడ్డించిన పాయసం అట్లాగే ఉంది.

“ఇద్దరని కొట్టప్పా” అంది.

హుమాయున్ రెండు అని కొట్టాడు. వరుస పచ్చగా మారింది.